తుఫాను తర్వాత ఊరి నీళ్లు: బ్లీచింగ్ ముగ్గు కాదు, లెక్క

దక్షిణ ఒడిశాలో మా వైపు అక్టోబరు వస్తే దసరా సరదా సగం, తుఫాను టెన్షన్ సగం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస పక్కన తీరం దాటి గజపతి జిల్లా కొండల్లోకి ఎక్కి కురిసింది. మహేంద్రతనయ, వంశధార పొంగాయి. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా ఎటు చూసినా నీళ్లే, బిందెలో మాత్రం చుక్క లేదు.

వరద తీసిన మూడో రోజుకి ప్రతి ఊళ్లోనూ ఒకటే దృశ్యం. బ్లీచింగ్ బస్తా దిగుతుంది. ఎవరో ఒకరు దోసిళ్లతో తీసి వీధి పొడుగునా, నూతి చుట్టూ, బోరింగు గచ్చు మీద ముగ్గుపిండిలా చల్లుతారు. ఊరు తెల్లగా కనబడుతుంది, వాసన వస్తుంది, అధికారులు వస్తే చూపించడానికి బాగుంటుంది. నూతిలో నీళ్లు మాత్రం నిన్నటిలాగే ఉంటాయి. బ్లీచింగ్ పనిచేయాలంటే మూడు కావాలి: తేట నీరు, సరైన కొలత, అరగంట సమయం. వీటిలో ఏది తప్పినా చల్లింది ముగ్గే.

ఈ పనిలో నేను చేసిన తప్పులతో సహా, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఊళ్లకు పనికొచ్చే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. వరుస ముఖ్యం. బ్లీచింగ్ అందులో మొదటి మెట్టు కాదు.

మొదటి రెండు రోజులు: ముందు గొంతు తడవాలి

నుయ్యి బాగుచేయడానికి రోజులు పడుతుంది. దాహం అంతసేపు ఆగదు. అందుకని మొదటి పని ఇంటింటా తాగే నీళ్లు.

దొరికిన వాటిలో తక్కువ చెడ్డవి ఎంచుకోండి. వాన ఇంకా పడుతుంటే రేకుల కప్పు మీంచి జారే నీళ్లు పట్టుకోవచ్చు, కాకపోతే మొదటి పది నిమిషాలు వదిలేయాలి. పొలాల్లో నిలిచిన వరద నీళ్లు చివరి దారి. వాటిలో దొడ్ల నుంచి వచ్చినది, పురుగుమందు డబ్బాల నుంచి వచ్చినది అన్నీ కలిసి ఉంటాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని పురుగుమందు పోదు.

బురద నీళ్లయితే ముందు తేర్చాలి. మన పెద్దవాళ్లు బిందె లోపలి గోడకు ఇండుప గింజ అరగదీసేవారు. కొందరు చిల్లగింజ అంటారు. ఇంట్లో పటిక ఉంటే అదీ మంచిదే. బిందె నీళ్లలో నాలుగైదు చుట్లు తిప్పి తీసేసి, గంటా రెండు గంటలు కదపకుండా ఉంచి, పైతేట మాత్రం వంపుకోవాలి. తర్వాత పాత నూలు చీర నాలుగు మడతలు వేసి వడకట్టండి. దీన్ని చిట్కా వైద్యం అని తీసిపారేయకండి. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం చేసిన పరిశోధన 2003లో అచ్చయింది. పాత చీర మడతల్లో నీళ్లు వడకట్టిన ఇళ్లలో కలరా 48 శాతం తగ్గిందని తేలింది. కలరా క్రిమి నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని ఉంటుంది, అవి చీర పోగుల్లో చిక్కుతాయి. పాత చీరే ఎందుకంటే ఉతికి ఉతికి పోగులు ఉబ్బి సందులు చిన్నవవుతాయి. కొత్త పాలియెస్టర్ చీర పనికిరాదు.

వడకట్టడంతో సగం పనే అయింది. కట్టెలు తడవకుండా ఉంటే నీళ్లు తెర్లేదాకా మరిగించండి. బుడగలు గలగలా వచ్చాక ఒక నిమిషం చాలు. పది నిమిషాలు మరిగించి ఉన్న నాలుగు కట్టెలూ తగలేసుకోనక్కర్లేదు. కట్టెలు లేకపోతే క్లోరిన్ మాత్రలు. ఆశా కార్యకర్త దగ్గరా అంగన్‌వాడీలోనూ పంచుతారు. మాత్రలన్నీ ఒకే బలంతో ఉండవు. కొన్ని ఒక లీటరుకి, కొన్ని ఇరవై లీటర్లకి. అట్ట మీద అంకె చూడకుండా "బిందెకొకటి" అని పంచితే కొందరికి చాలదు, కొందరు ఆ వాసనకు పారబోస్తారు.

మాత్రలూ లేవు, బ్లీచింగ్ ఉంది అనుకోండి. 40 గ్రాముల మంచి పొడి ఒక లీటరు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట సీసాలోకి తీసుకోండి. 20 లీటర్ల తేట నీళ్లకు అందులోంచి ఒక టీస్పూను. అరగంట మూత పెట్టి ఉంచాక తాగాలి. ఈ సీసా పిల్లలకు అందకుండా, ఎండ తగలకుండా ఉంచి, రోజూ కొత్తగా కలుపుకోవాలి.

ఊరు తిరిగి చూడడం

రెండో రోజుకి ఇద్దరు ముగ్గురు కలిసి ఊరంతా తిరగండి. ఒక నోటుబుక్కు, ఎర్రగుడ్డ ముక్కలు, చాకుపీసు చాలు. అందులో ఒకరు ఆ ఊరి ఆడమనిషి అయి ఉండాలి. ఏ నుయ్యి వేసవిలో ఎండుతుందో, ఏ బోరింగు నీళ్లు ఎర్రగా వస్తాయో, వరద ఏ చప్టా దాకా వచ్చిందో వాళ్లకు తెలిసినట్టు సర్పంచికి కూడా తెలియదు.

ప్రతి నుయ్యికి, బోరింగుకి, కుళాయికి నాలుగు సంగతులు రాయండి: వరద నీరు పైకెక్కిందా, గచ్చు పగిలిందా, నీళ్ల రంగూ వాసనా ఏమిటి, రోజూ ఎన్ని ఇళ్లు వాడతాయి. మునిగిన వాటికి ఎర్రగుడ్డ కట్టండి. మునగని వాటిని ముందు బాగుచేయండి. చాలామంది ఇక్కడ తల్లకిందులు చేస్తారు. బాగా పాడైన నుయ్యి కళ్లకు కనబడుతుంది కాబట్టి దానిమీద పడతారు. మునగని బోరింగుకి ఒక వాషరు మారిస్తే ఆ సాయంత్రానికే ఊరు తాగుతుంది.

ఎన్ని నీళ్లు కావాలో కూడా లెక్క వేసుకోండి. ఆపత్కాలంలో మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, ఒక చేతిపంపుకి 500 మందికి మించకుండా, నడక 500 మీటర్లు దాటకుండా, వరసలో అరగంట కంటే నిలబడకుండా. ప్రపంచమంతా సహాయ సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాలు ఇవి. 80 ఇళ్ల ఊరంటే సుమారు 400 మంది, అంటే రోజుకి 6,000 లీటర్లు. ఈ అంకె చేతిలో ఉంటే ట్యాంకరు అడిగేటప్పుడు "నీళ్లు పంపండి సార్" అనకుండా "రోజుకి ఆరు వేల లీటర్లు కావాలి" అనగలరు. జవాబు కూడా వేరేగా వస్తుంది.

నుయ్యి: పని అంతా ఇక్కడే

తిత్లీ తర్వాత మొదటిసారి నేను చేసిన పని చెబుతాను. మునిగిన నూతిలో బురద నీళ్లు ఉండగానే రెండు కిలోల బ్లీచింగ్ బకెట్లో కలిపి పోయించాను. ఘాటుగా వాసన వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున ఆరోగ్య కార్యకర్త క్లోరిన్ పరీక్ష చేస్తే చుక్క రంగు రాలేదు. ఉన్న క్లోరిన్ అంతా బురదే తినేసింది. రెండు కిలోలూ దండగ. పైగా ఊళ్లో అప్పటికే సగం మంది "మందు వేశారు కదా" అని ఆ నీళ్లు తోడేసుకున్నారు.

అందుకని నూతి పని ఈ వరసలో చేయాలి.

ముందు నూతి చుట్టూ. చచ్చిన కోళ్లూ మేకలూ, కొట్టుకొచ్చిన చెత్తా తీసి దూరంగా లోతుగా పాతిపెట్టండి. పక్కన మురుగు నిలిస్తే కాలువ తీయండి. నూతికి పదిహేను మీటర్ల లోపల మరుగుదొడ్డి గొయ్యి ఉండి, అది మునిగి ఉంటే, ఈ నూతి నీళ్లు ఎంత శుద్ధి చేసినా మళ్లీ మళ్లీ చెడతాయి. దాన్ని గిన్నెలు తోముకోవడానికే వదిలేయడం మంచిది.

తర్వాత తోడకం. తొందర వద్దు. వరద తర్వాత నేలంతా నానిపోయి ఉంటుంది. నూతిలో నీళ్లు ఒక్కసారిగా లాగేస్తే బయటి నుంచి నీటి ఒత్తిడి ఒరల మీద పడుతుంది, లోపల ఆపేది ఉండదు. ఇటుక కట్టుబడి నుయ్యయితే కూలుతుంది. ఒకసారి పెద్ద మోటారు పెట్టి లాగుతుంటే, గట్టు మీద కూర్చున్న ముసలమ్మ "బాబూ ఆపు, ఒర కదిలింది" అంది. చూస్తే మూడో ఒరకీ నాలుగో ఒరకీ మధ్య సందులోంచి ఎర్రటి నీళ్లు పిచికారీలా కొడుతున్నాయి. సున్నం పూత మీద జెర్రిపోతు పాకినట్టు సన్నటి పగులు. ఆ రోజు ఇంకో గంట లాగి ఉంటే నుయ్యి పోయేది. అప్పటినుంచి మా పద్ధతి ఒకటే: ఒక మీటరు తోడడం, ఆపడం, గోడ చూడడం, మళ్లీ తోడడం. ఒకరోజు పని రెండు రోజులైనా ఫరవాలేదు.

డీజిల్ ఇంజిను ఎప్పుడూ నూతిలోకి దించొద్దు, నూతి గట్టు మీద కూడా పెట్టొద్దు. దాని పొగలోని విషవాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. దిగిన మనిషి కేకవేసే లోపే పడిపోతాడు, కాపాడడానికి దిగినవాడూ పోతాడు. పూడిక తీయడానికి మనిషి దిగేముందు లాంతరు వెలిగించి తాడుతో అడుగుదాకా దించి చూడడం పాత అలవాటు. దీపం ఆరిపోతే గాలి లేదని అర్థం. అయితే దీపం వెలిగిందని ధీమాగా దిగడానికి లేదు, ఇంజిను పొగ ఆ దీపానికి తెలియదు. దిగే మనిషి నడుముకి తాడు, పైన ఇద్దరు. ఇందులో మొహమాటం వద్దు.

పూడిక తీశాక గోడలు రుద్దాలి. 80 గ్రాముల పొడి పది లీటర్ల నీళ్లలో కలిపి, తేటతో పై నుంచి కిందకి చీపురుతో, బ్రష్షుతో రుద్దించండి. మళ్లీ ఊరిన నీళ్లు ఒకసారి తోడేసి, నిండనివ్వండి. తెల్ల ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పట్టి అడుగున రూపాయి బిళ్ల వేయండి. బిళ్ల మీది అంకె కనబడితే సరే. కనబడకపోతే ఇంకా తోడాలి.

ఇప్పుడే బ్లీచింగ్ వంతు. కొలత ఇలా:

నూతి వ్యాసం మీటర్లలో కొలవండి. దాన్ని దానితోనే హెచ్చించి, నీళ్ల లోతుతో హెచ్చించి, 785తో హెచ్చించండి. లీటర్లు వస్తాయి. మీటరున్నర వ్యాసం, నాలుగు మీటర్ల నీళ్లు అనుకోండి. 1.5 × 1.5 × 4 × 785, అంటే సుమారు 7,000 లీటర్లు. లోతు కొలవడానికి తాడుకి రాయి కట్టి దించి, తడిసిన భాగం కొలిస్తే చాలు.

వరద తర్వాత మొదటిసారి శుద్ధికి వెయ్యి లీటర్లకు 80 గ్రాముల పొడి. ఈ నూతికి 560 గ్రాములు. ఈ లెక్క 25 శాతం క్లోరిన్ ఉన్న పొడికి. మూత తీసి నెలలైన బస్తా అయితే అందులో సున్నమే మిగులుతుంది. గడ్డకట్టి, తడిసి, ఘాటు లేకుండా ఉన్న పొడిని కొలవకండి, పారేయండి.

పొడిని నేరుగా నూతిలో వేయొద్దు. బకెట్లో వంద గ్రాములకు మించకుండా తీసుకుని, కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు బకెట్ నీళ్లు పోసి, కర్రతో తిప్పి, పది నిమిషాలు వదలండి. సున్నం అడుగుకి దిగుతుంది. పైతేట ఇంకో బకెట్లోకి వంచి, దాన్నే నూతిలోకి దించి, చేదను పైకీ కిందకీ ఆడించి కలపండి. 560 గ్రాములకి ఇలా ఆరు బకెట్లు. విసుగే. కాని అడుగు సున్నం నూతిలో పోస్తే నీళ్లు కఠినంగా మారతాయి, పప్పు ఉడకదని ఆడవాళ్లు తిడతారు, న్యాయంగానే. కలిపేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ప్లాస్టిక్ బకెట్టే వాడండి. ఫినాయిల్‌తో గాని యాసిడ్‌తో గాని కలపొద్దు.

రాత్రంతా ఉంచితే మంచిది, కనీసం అరగంట తప్పదు. ఎవరూ తోడకుండా గిలక నుంచి చేదతాడు తీసి పక్కన పెట్టండి. పొద్దున వాసన తగ్గేదాకా తోడేయండి. ఆ నీళ్లు చెరువులోకి వదలొద్దు, చేపలు చస్తాయి.

రోజువారీ మోతాదు దీనికి చాలా తక్కువ. తేట నీళ్లయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే ఈ నూతికి 18 గ్రాములతో మొదలుపెట్టి పరీక్షలో తేలినదాన్ని బట్టి పెంచాలి. రోజూ సాయంత్రం తోడకం అయ్యాక వేస్తే రాత్రంతా పనిచేస్తుంది. రోజూ వేసే మనిషి దొరకని ఊళ్లకి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ నేర్పిన కుండ పద్ధతి ఉంది. 12 నుంచి 15 లీటర్ల మట్టికుండ అడుగున ఆరేడు మిల్లీమీటర్ల చిల్లులు ఆరు నుంచి ఎనిమిది పెట్టి, గులకరాళ్లతో కప్పి, కిలోన్నర బ్లీచింగూ మూడు కిలోల ముతక ఇసుకా కలిపి నింపి, పైన మళ్లీ గులకరాళ్లు పరిచి, నీటి మట్టానికి మీటరు లోతున వేలాడదీస్తారు. పది పన్నెండు వేల లీటర్ల ఊరి నూతికి వారం వస్తుంది. మన ఇంటి చిన్న నూతికి ఈ ఒంటికుండ ఘాటెక్కువ. దానికి కుండలో కుండ పెట్టే పద్ధతి వేరే ఉంది. ఊళ్లో కుమ్మరి ఉంటే అతనికి చూపించి చేయించుకోండి.

పొటాషియం పర్మాంగనేట్ వేసి నీళ్లు గులాబీ రంగు రాగానే శుద్ధి అయిందనుకునే అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. రంగు వస్తుంది, అంతే. దాన్ని నమ్ముకోవద్దు.

బోరింగు

చేతిపంపు నయమే, ఎందుకంటే నీళ్లు లోతునుంచి వస్తాయి. మునిగితే మాత్రం గచ్చు పగుళ్లలోంచి, కేసింగ్ పైపు పక్కనుంచి మురుగు కిందికి దిగుతుంది. మొదట గంటసేపు కొట్టి నీళ్లు పారబోయండి. ఇసుక వస్తూనే ఉంటే కేసింగ్ దెబ్బతిందేమో, అది కంప్రెసర్ బండి పని. నీళ్లు రావాలంటే ఎక్కువసేపు కొట్టాల్సి వస్తే వాషర్లు అరిగాయి. పంచాయతీకి చేతిపంపుల మెకానిక్ ఉంటాడు, అతని నంబరు ముందే రాసి పెట్టుకోండి. తుఫాను తర్వాత అందరూ అతన్నే వెతుకుతారు.

శుద్ధికి లెక్క: ఆరు అంగుళాల బోరులో మీటరు లోతుకి సుమారు 18 లీటర్లు. అరవై మీటర్ల బోరు, పదో మీటరు నుంచి నీళ్లు ఉంటే 50 మీటర్లు, అంటే 900 లీటర్లు. నూతిలా గోడలు రుద్దే వీలు లేదు కాబట్టి మోతాదు ఎక్కువ, వెయ్యి లీటర్లకు 200 గ్రాములు. ఈ బోరుకి 180 గ్రాములు. తేటను పంపు తల విప్పించి కేసింగ్‌లోకి పోయించి, బిగించి, నీళ్లలో క్లోరిన్ వాసన వచ్చేదాకా కొట్టి ఆపాలి. రాత్రంతా ఉంచి పొద్దున వాసన పోయేదాకా కొట్టి పారబోయాలి. చేతులు పడిపోతాయి, కుర్రాళ్లని వంతులు వేసుకోండి.

నీళ్లు ఎర్రగా, తుప్పు రుచితో ఉంటే అది ఇనుము. ఇనుము కూడా క్లోరిన్‌ను తినేస్తుంది, పొడి ఎక్కువ పడుతుంది.

పగిలిన గచ్చు సిమెంటుతో మూసి, వాడిన నీళ్లు పోవడానికి కాలువ తీయకపోతే పైన చెప్పిందంతా నెల తిరక్కుండా మళ్లీ చేయాలి. గచ్చు తిరిగి కట్టేటప్పుడు ఈసారి వరద వచ్చిన గీత కంటే ఎత్తుగా కట్టమని పట్టుబట్టండి.

ఉప్పు నీళ్లు ఎక్కిన ఊళ్లు

గోపాలపూర్, ఆర్యపల్లి, సోనాపూర్, పొడంపేట వైపు మన జాలరి ఊళ్లలో కథ వేరు. ఉప్పెన నూతిలోకి వస్తే బ్లీచింగ్‌తో ఉప్పు పోదు, మరిగిస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఇక్కడ జనం చేసే తప్పు పదే పదే తోడేయడం. తీరంలో మంచినీరు ఇసుకలో ఉప్పునీటి మీద తేలే పొరలా ఉంటుంది. ఎక్కువ లాగితే కింది ఉప్పు పైకి వస్తుంది. ఒకటి రెండుసార్లు నెమ్మదిగా తోడి బురద తీసి, వానలు ఉప్పును కడిగేదాకా ఆగాలి. వారాలు పట్టవచ్చు, ఒక వానాకాలమూ పట్టవచ్చు. అందాకా ఆ ఊరికి ట్యాంకరే గతి, అది ముందే ఒప్పుకుని అడగడం మంచిది.

కొండ ఊళ్లు

మహేంద్రగిరి అంచున, రాయగడ కొండల్లో సవర, కువి గిరిజన ఊళ్లతో కలిసి ఉన్న తెలుగు ఇళ్లకు నీళ్లు ఊట గెడ్డ (కొండవాగు) నుంచి పైపులో దిగుతాయి. కొండచరియ జారితే మొదట పోయేది పైనున్న ఊట తొట్టి, తర్వాత పైపు. పైపు ముక్కలు తేలిగ్గా అతుకుతాయి. తొట్టికి మూత, పైన పశువులు రాకుండా కంచె, వాననీరు పక్కకు పోయే కాలువ, ఈ మూడూ లేకుండా పైపు అతికితే గెడ్డ బురదే కుళాయిలో వస్తుంది. అందాకా జనం గెడ్డ ఇసుకలో చెలమ తవ్వుకుంటారు. తప్పులేదు, ఇసుక కొంత వడకడుతుంది. ఊరికి ఎగువన తవ్వండి, తాగేవారి చెలమ పైన, బట్టలు ఉతికేది కింద. ఆ నీళ్లనీ మరిగించే తాగాలి. రాయగడ జిల్లా కాశీపూర్ వైపు 2007లో, మళ్లీ 2022లో కలరా వచ్చింది వానాకాలంలోనే.

కుళాయి పథకం, ట్యాంకరు

కరెంటు వచ్చి మోటారు ఆడగానే కుళాయి కింద బిందె పెట్టకండి. పైపులు ఖాళీగా ఉన్న రోజుల్లో పగుళ్లలోంచి మురుగు లోపలికి లాగబడి ఉంటుంది. చిట్టచివరి కుళాయి దాకా అరగంట నీళ్లు వదిలేయాలి. ఎత్తు ట్యాంకు కడిగి, శుద్ధి చేశాకే నింపాలి.

ట్యాంకరు వస్తే రెండు ప్రశ్నలు అడగండి: ఎక్కడ నింపారు, క్లోరిన్ ఎంత ఉంది. డ్రైవరు విసుక్కుంటాడు. అడిగే ఊరని తెలిస్తే రెండోసారి జాగ్రత్తగా నింపుకొస్తాడు. పైపు చివర నేల మీద ఈడ్వనివ్వకండి.

పరీక్ష: ముక్కుని నమ్మొద్దు

వాసన వస్తోందంటే క్లోరిన్ ఉందని కాదు. బురదతో కలిసిన క్లోరిన్ కూడా వాసన వేస్తుంది, అది క్రిముల్ని అంతగా చంపలేదు. క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కన ఉన్న రంగులతో పోల్చాలి. వరద రోజుల్లో మందు వేసిన అరగంట తర్వాత లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మామూలు రోజుల్లో 0.2 చాలు. మిగలకపోతే మోతాదు పెంచండి, ఒకటి దాటితే తగ్గించండి.

ఇంకోటి, నల్లబడే సీసా. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారుతుంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పాలని నియమం. మీ ఊళ్లో వాళ్లెవరో, కిట్ ఎవరింట్లో ఉందో సెప్టెంబరులోనే కనుక్కోండి. నల్లబడిన సీసాని నలుగురికీ చూపించండి. నేను గంట చెప్పినదానికంటే అది ఎక్కువ పనిచేసింది.

ఇంటి బిందె

నూతిలో మంచి నీళ్లు, ఇంట్లో చెడిపోతాయి. వెడల్పు మూతి బిందెలో చెంబు ముంచి తీసే చేతితోటే. మూత, పిడి ఉన్న గరిట, లేదా కుళాయి ఉన్న డబ్బా. అంతే.

వాసన గురించి తగువు ప్రతి ఊళ్లోనూ వస్తుంది. ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది: "ఈ మందునీళ్లతో వండితే నా మనవడు ముద్ద ముట్టడం లేదు బాబూ, మా పాత నుయ్యే నయం." "అమ్మా, సాయంత్రం పట్టుకుని పల్చటి గుడ్డ కట్టి రాత్రంతా ఉంచండి, వాసన పోతుంది" అన్నాను. "అది మొదటే చెప్పొచ్చు కదా" అంది. నిజమే. ఇప్పుడు బకెట్ కలపకముందే చెబుతున్నాను.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పొట్లం ఒక లీటరు శుద్ధమైన నీళ్లలో కలిపి తాగిస్తూ ఆశా కార్యకర్తకి చెప్పండి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి వస్తే ఆ వీధి నీళ్లను ఆ రోజే పరీక్షించండి.

కాగితం

మన వాళ్లు వెనకబడేది ఇక్కడే. మాట తెలుగు, ఆఫీసు ఒడియా. అర్జీ ఒడియాలో రాయించండి. బళ్లో చదివే పిల్లలు చక్కగా రాస్తారు. చేతిపంపుని వాళ్లు నళకూప అంటారు, ఆ మాటే వాడండి. బ్లాక్ ఆఫీసులో బీడీఓకి ఒకటి, గ్రామీణ నీటి సరఫరా విభాగం జూనియర్ ఇంజినీరుకి ఒకటి, పంచాయతీకి ఒకటి. రెండో రోజు ఊరు తిరిగి రాసుకున్న జాబితానే జతచేయండి: ఎన్ని బోరింగులు, ఏది మునిగింది, ఎంతమంది, రోజుకి ఎన్ని లీటర్లు. ఫోటో తీసేటప్పుడు వరద గీత కనబడేట్టు పక్కన మనిషిని నిలబెట్టండి. అత్యవసరమైతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077.

ఒకసారి మా అర్జీ మూడు వారాలు ఎక్కడో టేబుల్ మీద ఉండిపోయింది, అందినట్టు మా దగ్గర ఏ రుజువూ లేదు. అప్పటినుంచి రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా గుమ్మం దాటడం లేదు. ఆ ముద్ర కాగితం ఇప్పుడు మా ఊరి నోటుబుక్కులోనే ఉంటుంది, బోరింగుల జాబితా పక్కన, మెకానిక్ నంబరు కింద.